మాట వినని వస్తువు

సభకు నమస్కారం.

నృత్య విభాగం విద్యార్థులనూ, చిత్ర శిల్పకళల విభాగం విద్యార్థులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడమన్నారు. మీరంతా కలిసి త్వరలో ఒక ప్రదర్శన తయారుచేయబోతున్నారని నిర్వాహకులు చెప్పారు. కనుక కళలు ఒకదానితో ఒకటి కలవడం ఎంత గొప్పదో పొగిడే మాటలు పక్కన పెట్టి, అవి నిజంగా ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు కలిసినట్టు కనిపించి ఊరుకుంటాయి అనే ఒక్క విషయానికే పరిమితమవుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేదిక మీద పెట్టిన చిత్రమో శిల్పమో నర్తకి అడుగును ఏదో ఒక విధంగా మార్చితే అది సహకారం. దాన్ని తీసేసినా నృత్యం చెక్కుచెదరకుండా సాగిపోతే, ఎంత ఖరీదైనదైనా అది అలంకరణే. అలంకరణ తప్పని నేననను. కానీ దానికి సహకారం అని పేరు పెట్టి కరపత్రంలో ఇద్దరి పేర్లూ వేసుకోవడం మాత్రం కొంచెం ఎక్కువ.

ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. కూచిపూడి తరంగంలో నర్తకి ఎక్కి నిలబడే ఇత్తడి పళ్లెం ఉంది. పాదం ఎత్తి వేసే అడుగులు ఆ అంచు మీద సాగవు. బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మారుస్తూ, పళ్లేన్ని నేల మీద జరుపుకుంటూ, తాళం తప్పకుండా ముందుకూ వెనక్కూ పోవాలి. అక్కడ నడకను నిర్ణయించేది పళ్లెమే. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం కూడా అటువంటిదే. ఇద్దరు పట్టుకున్న తెర వెనుక పాత్ర నిలబడి, తెర మీదుగా జడ ఒక్కటే ముందుకు వేసినప్పుడు, ముఖం కనబడకుండానే ఆమె గర్వమంతా ప్రేక్షకులకు తెలిసిపోతుంది. ఆ అభినయాన్ని పుట్టించింది ఒక గుడ్డముక్క.

సింహనందిని దీనికంటే చాలా ముందుకు వెళుతుంది. ఆంధ్రదేశపు ఆలయ నృత్య సంప్రదాయానికి చెందినదిగా చెప్పే ఈ ప్రక్రియను, పాదాలతో నెమలి బొమ్మ గీసే మయూర కౌత్వంతో పాటు, ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ వేదిక మీదికి తెచ్చినవారిలో కూచిపూడి గురువు సి. ఆర్. ఆచార్యులు ముఖ్యులు. నేల మీద ముగ్గుపిండి గానీ రంగుపొడి గానీ సమంగా పరుస్తారు. కొన్ని పద్ధతుల్లో దాని మీద పలుచని గుడ్డ కప్పుతారు. తాళాలన్నిటిలోకీ దీర్ఘమైనదిగా పేరుపడిన సింహనందన తాళంలో, 128 అక్షరాల ఆవృత్తంలో, అంటే 128 లెక్కలకు ఒకసారి తిరిగే చుట్టులో, నర్తకి ఆడుతూ ఉండగా ఆమె పాదాల కింద దుర్గ వాహనమైన సింహం రూపు కడుతుంది.

ఇక్కడ పాదం చేసే పనిని కాస్త దగ్గరగా చూడండి. మడమ ఆనించి పాదాన్ని తిప్పితే వంపు పడుతుంది. మునివేళ్లతో తోస్తే పొడి పక్కకు జరిగి గీత తేలుతుంది. జూలుకు పొట్టి గీతలు కావాలి, వీపుకు పొడవాటి ఒకే గీత కావాలి. ఆ పొడవాటి గీత మధ్యలో తాళం దెబ్బ పడితే కాలు ఎత్తకుండానే ఆ దెబ్బను చూపించాలి. తల వంచి నేలవైపే చూస్తూ ఆడితే నృత్యం పోతుంది, అసలు చూడకుండా ఆడితే సింహం కాస్తా పిల్లి అవుతుంది. ఒకసారి జరిగిన పొడి మళ్లీ వెనక్కు రాదు. మామూలు కచేరీలో ఒక జతి, అంటే అడుగుల వరుస, తడబడితే దాని ముగింపైన తీర్మానంలో సర్దుకోవచ్చు. ఇక్కడ తడబాటు నేల మీద అందరికీ కనబడేలా మిగిలిపోతుంది. చిత్రకారుడూ నర్తకీ ఒకే మనిషి కావడం వల్ల ఇది సహకారం కిందికి రాదని కొందరు అనవచ్చు. నా లెక్కలో పొడి ఉంది, తాళం ఉంది, పాదం ఉంది. మూడూ ఒకదాని మాట ఒకటి అంత తేలికగా వినవు. అది చాలు.

అయితే ఈ ప్రక్రియలో ఒక చిక్కు ఉంది. ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నవారికి నేల కనబడదు. అందుకే చివర గుడ్డను ఎత్తి చూపించడమో, పైన కెమెరా బిగించి తెర మీద వేయడమో చేస్తుంటారు. అంటే గీత పడే క్షణం ప్రేక్షకుడికి దక్కక, పడిన గీత మాత్రమే దక్కుతోంది. ప్రేక్షకుడు ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ప్రేక్షకుడు లోపలికి నడిచి వచ్చేలా ఒక చోటునంతటినీ కళాకృతిగా అమర్చే ఇన్‌స్టలేషన్ అనే కళ అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే కనుక దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఐరోపాలో ఈ కథ చెప్పేవారు సాధారణంగా 1917 మే నెలలో పారిస్‌లోని షాట్లే థియేటర్‌లో దియాగిలెవ్ నడిపిన బ్యాలే బృందం ప్రదర్శించిన ‘పరాద్’తో మొదలుపెడతారు. కథాంశం కాక్తోది, సంగీతం ఎరిక్ సతీది, నృత్యరచన మసీన్‌ది, తెరలూ దుస్తులూ పికాసోవి. అందరూ ఆ పెద్ద తెర గురించే మాట్లాడతారు గానీ, మన విషయానికి సంబంధించినవి ‘మేనేజర్లు’ అనే పాత్రలకు పికాసో తయారుచేసిన, మూడు మీటర్ల ఎత్తున్న, కోణాలూ పలకలుగా విరిచినట్టుండే క్యూబిస్టు కట్టడాలు. వాటిలో ఇరుక్కున్న మనిషికి నడవడం, కాలు నేలకేసి కొట్టడం తప్ప పెద్దగా ఏమీ సాధ్యం కాదు. బ్యాలే సుకుమారమంతా అట్ట బరువు కింద ఆగిపోయింది. 1922లో ష్టుట్‌గార్ట్‌లో జర్మన్ కళాకారుడు ఆస్కర్ ష్లెమ్మర్ ‘త్రియాదిక్ బ్యాలే’ ఇదే దారిలో ఇంకా క్రమశిక్షణగా నడిచింది. మొత్తం 18 వేషాలు, ముగ్గురు నర్తకులు. తీగ చుట్టల పావడాలూ గోళాల ఆకారాలూ తొడిగాక శరీరం ఎటు వంగాలో దుస్తులే చెప్పాయి. ఈ రెండిటినీ ఇంతటితో వదులుతున్నాను. చరిత్రలో వాటి స్థానం పెద్దదే అయినా వాటిలో నర్తకి వస్తువుకు లొంగిపోయింది. లొంగిపోవడం కంటే పెనుగులాట చూడటం నాకు ఇష్టం.

ఆ పెనుగులాట అమెరికన్ నృత్యకారిణి మార్తా గ్రాహమ్, ఇసాము నొగుచి కలిసి చేసిన పనిలో కనబడుతుంది. 1935 నాటి ‘ఫ్రాంటియర్’ వరకు గ్రాహమ్ రంగసజ్జ లేని వేదిక మీదే ఆడేది. నొగుచి ఆమెకు ఇచ్చిందల్లా ఒక చిన్న కంచె ముక్క, దాని వెనుక నేల నుంచి బయలుదేరి వేదిక పై మూలలకు విప్పారుతూ పోయే రెండు తాళ్లు. అంతే. కానీ ఆ తాళ్ల వల్ల వేదిక అంతా అమెరికా పడమటి మైదానాలంత విశాలంగా మారింది. కంచె మీద కాలు పెట్టి నిలబడ్డ ఒంటరి స్త్రీ ఎటు చూస్తే అటు దూరం పుట్టింది. నొగుచి శిల్పి. ఖాళీని కూడా రాయిలాగే చెక్కవచ్చునని ఆయనకు తెలుసు. చిత్రకళ విద్యార్థులు గమనించవలసింది ఇదే: వేదికను నింపడం గురించి కాకుండా, ఏమి పెడితే మిగిలిన ఖాళీకి ఒక దిశ వస్తుందో దాని గురించి ఆయన ఆలోచించారు.

1944లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కోప్‌లాండ్ సంగీతంతో వచ్చిన ‘అపలాచియన్ స్ప్రింగ్’ ఎక్కువ ప్రసిద్ధం. నేను మాత్రం 1946 నాటి ‘కేవ్ ఆఫ్ ది హార్ట్’ దగ్గరే ఆగుతాను. గ్రీకు పురాణంలోని మెడియా కథ అది. భర్త మరొక స్త్రీని చేసుకున్నందుకు ఆమె తీర్చుకున్న భయంకరమైన పగ. దానికోసం నొగుచి ఇత్తడి తీగలతో ఒక నిర్మాణం చేశారు. నాటకంలో కొంతసేపు అది వేదిక మీద శిల్పంలా నిలబడి ఉంటుంది. ఒక దశలో మెడియా దానిలోకి ప్రవేశించి, దానినే ఒంటిమీద ధరించి కదులుతుంది. ఊపిరి తీసుకున్నా తీగలు వణుకుతాయి. చేయి దేహానికి దగ్గరగా తెచ్చుకోవడానికి వీలులేదు, వంగితే తీగల చివర్లు ముందు వంగుతాయి. చుట్టూ మెరుపు, లోపల బంధనం. కోపాన్ని ముఖంలో చూపించడం మన అభినయ సంప్రదాయానికీ తెలుసు, గ్రాహమ్‌కూ తెలుసు. ఇక్కడ ఆ కోపం ముఖం దాటి శరీరానికి బయట, ఒక బారెడు దూరం వరకు వ్యాపించి కనబడుతోంది. ఆ తీగలు లేకుండా అదే పాత్రను ఆడవచ్చు, కానీ అప్పుడది వేరే నృత్యం అవుతుంది.

గ్రాహమ్, నొగుచి ముందుగా మాట్లాడుకునేవారు. కథ ఆమె చెప్పేది, వస్తువు ఆయన తెచ్చేవారు. గ్రాహమ్ బృందంలోనే నర్తకుడిగా ఉండి బయటికి వచ్చిన మెర్స్ కన్నింగ్‌హామ్ దీనికి పూర్తిగా తలకిందులైన పద్ధతి పట్టాడు. సంగీతకారుడు జాన్ కేజ్‌తో కలిసి అతను నిర్ణయించుకున్నదేమిటంటే, సంగీతం, నృత్యం, రంగసజ్జ ఎవరిది వారు విడిగా తయారుచేసుకుని, చాలాసార్లు తొలి ప్రదర్శన నాడే ఒకచోట చేర్చాలి. ఒక చిన్న పక్కమాట: ఈ కేజ్ 1946లో న్యూయార్క్‌లో గీతా సారాభాయ్ దగ్గర భారతీయ సంగీతం గురించి తెలుసుకున్నవాడు, కన్నింగ్‌హామ్ బృందం 1964 ప్రపంచ పర్యటనలో అహ్మదాబాదుకు వచ్చింది. గీత సోదరుడు విక్రమ్ సారాభాయ్, ఆయన భార్య మృణాళిని అదే ఊళ్లో స్థాపించిన దర్పణ అకాడమీ అనే నృత్య సంస్థలోనే, నేను ఇందాక చెప్పిన ఆచార్యులు కూచిపూడి నేర్పారు. అంతకుమించి దీనిలోంచి సిద్ధాంతం ఏదీ లాగను గానీ, సింహనందినినీ కన్నింగ్‌హామ్‌నూ ఒకే ప్రసంగంలో చెప్పడం మరీ అంత విడ్డూరం కాదని మీకు అనిపిస్తే చాలు.

1966లో న్యూయార్క్‌లోని లియో కాస్టెల్లి గ్యాలరీలో చిత్రకారుడు ఆండీ వార్హోల్ వెండిరంగు దిండ్లు ప్రదర్శించాడు. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు బిల్లీ క్లూవర్ సాయంతో చేసినవి అవి. మొదట వార్హోల్ గాలిలో తేలే విద్యుద్దీపాలు అడిగాడు, అది కుదరలేదు. ఆ ప్రయత్నంలో దొరికిన పలుచని లోహపు మెరుపు ప్లాస్టిక్‌తోనే మేఘాలు చేద్దామన్నాడు. లోపల హీలియం నింపితే అవి తేలతాయి. కన్నింగ్‌హామ్ వాటిని చూసి, నా నృత్యానికి ఇస్తావా అని అడిగాడు. 1968 మార్చి 9న బఫెలోలో డేవిడ్ ట్యూడర్ సంగీతంతో ‘రెయిన్‌ఫారెస్ట్’ వేదిక ఎక్కింది.

ఆ దిండు ఎలా నడుచుకుంటుందో ఊహించండి. నర్తకుడు చేయి విసిరితే పుట్టిన గాలికి అది కదులుతుంది, కానీ చేయి విసిరిన క్షణంలో కదలదు. కాస్త ఆగి, తనకు తోచిన వైపు కదులుతుంది. వేదిక దీపాల వేడికి ఒకలా ఉంటుంది, చల్లబడితే మరొకలా ఉంటుంది. హీలియం తగ్గినది నేల మీద పడి కాళ్లకు అడ్డం వస్తుంది, ఎక్కువైనది పైకి పోయి ప్రేక్షకుల మీదికి సాగిపోతుంది. అడుగులన్నీ ముందే స్థిరంగా కూర్చినవి. దిండ్ల కోసం ఒక్క అడుగూ మార్చలేదు. అయినా ఏ రాత్రీ ఆ అడుగులు ఒకేలా పడలేదు, ఎందుకంటే కాలు పెట్టవలసిన చోట మేఘం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ముందుగా మాట్లాడుకోకపోయినా, ఒకరి పని మరొకరికి నచ్చజెప్పుకోకపోయినా సహకారం సాధ్యమేనని ఈ నృత్యం చెబుతోంది. ఆ వస్తువుకు తనదంటూ ఒక స్వభావం ఉంటే చాలు. దుస్తుల సంగతి కూడా చెప్పాలి: ఒంటిని అంటిపెట్టుకుని ఉండే దుస్తులను చిత్రకారుడు జాస్పర్ జాన్స్ బ్లేడుతో అక్కడక్కడా కోశాడు. ఆ పనికి తన పేరు మాత్రం వేయించుకోలేదు. కరపత్రం గురించి ఇందాక నేనన్న మాటకు ఇది సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ.

మరునాడే, మార్చి 10న, అదే ఊళ్లో కన్నింగ్‌హామ్ మరో నృత్యం ‘వాకరౌండ్ టైమ్’ వేదిక ఎక్కింది. కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్ 1915 నుంచి 1923 వరకు చేసి, ఇక పూర్తిచేయనని వదిలేసిన ‘లార్జ్ గ్లాస్’ అనే గాజు చిత్రంలోని ఆకారాలను జాన్స్ ఏడు పారదర్శక ప్లాస్టిక్ పెట్టెల మీదికి దింపాడు. డ్యుషాంప్ పెట్టిన షరతు ఒక్కటే: ప్రదర్శనలో ఏదో ఒక సమయంలో ఆ పెట్టెలన్నీ ఒకచోట చేరి మూలచిత్రంలా కనబడాలి. పెట్టెలు పారదర్శకం కాబట్టి నర్తకులు వాటి వెనుక దాక్కోలేరు. ముందు ఉన్నా వెనుక ఉన్నా చిత్రంలో భాగమే. మధ్యలో నర్తకులు ఆట ఆపి, వేదిక మీదే కూర్చుని, తమలో తాము మాట్లాడుకుంటూ విశ్రాంతి తీసుకునే ఘట్టం ఒకటి ఉంది. అప్పుడు కూడా పెట్టెలు తమ పని చేస్తూనే ఉంటాయి. తొలి ప్రదర్శనకు డ్యుషాంప్ స్వయంగా వచ్చాడు. ఆ ఏడాది అక్టోబరులో మరణించాడు.

ఇక మన కాలానికి వస్తాను, ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. ఈ మధ్య మన ఊళ్లలో పెద్ద వేదికల మీద శాస్త్రీయ నృత్యం జరిగితే వెనుక ఎల్‌ఈడీ తెర తప్పనిసరి అయిపోయింది. గజేంద్రమోక్షం ఆడుతున్న పిల్ల రెండు చేతులతో మడుగు చూపిస్తుంటే వెనుక నిజంగానే నీళ్లు పారుతుంటాయి. ఆమె మొసలి పట్టు చూపించే లోపే తెర మీద మొసలి వచ్చేస్తుంది. ఆ అమ్మాయి ఏళ్ల తరబడి నేర్చిన అభినయం ఏ ఊహను పుట్టించడానికి ఉందో, ఆ ఊహనే తెర ముందుగా తినేస్తోంది. సాంకేతికత మీద నాకు కోపం లేదు. ఆ తెర చెప్పినదల్లా చేస్తుంది, తానుగా ఏమీ అడ్డుచెప్పదు. నా అభ్యంతరం దాని మీదే.

అదే డిజిటల్ చిత్రంతో మరోలా చేయవచ్చునని 1999లో బర్క్‌లీలో తొలిసారి ప్రదర్శించిన ‘బైపెడ్’ చూపించింది. పాల్ కైజర్, షెల్లీ ఎష్కర్ అనే ఇద్దరు డిజిటల్ కళాకారులు, కన్నింగ్‌హామ్ నర్తకుల కదలికలను మోషన్ క్యాప్చర్‌తో, అంటే కదలికను కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతితో పట్టి, వాటి నుంచి చేతితో గీసినట్టుండే బ్రహ్మాండమైన ఆకారాలను తయారుచేశారు. వాటిని వెనుక కాకుండా, నర్తకుల ముందు కట్టిన పలుచని జాలీ తెర మీద వేశారు. మన తోలుబొమ్మలాటలో తెర ముందు ప్రేక్షకులు, వెనుక దీపం, మధ్యలో బొమ్మ ఉన్నట్టే, ఇక్కడ కాంతి గీతల బొమ్మ ప్రేక్షకుడికీ మనిషికీ మధ్యకు వచ్చి నిలిచింది. ఏది మనిషి, ఏది గీత అని కన్ను వెతుక్కుంటుంది. మనిషి శరీరం నుంచే పుట్టిన గీత మనిషి చేయలేని పనులు చేస్తుంది. అప్పటికి ఎనభై ఏళ్లు పైబడిన నృత్యకారుడు దీనికి పూనుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రేక్షకుడు ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్నను పక్కన పెట్టాను కదా. 1971లో లండన్‌లోని టేట్ గ్యాలరీలో శిల్పి రాబర్ట్ మోరిస్ ప్లైవుడ్ వాలుబల్లలు, దూలాలు, తాళ్లు పెట్టి జనాన్ని ఎక్కమన్నాడు. జనం ఎంత ఉత్సాహంగా ఎక్కారంటే, దెబ్బలు తగలడంతో కొద్దిరోజులకే ప్రదర్శన మూసేశారు. విలియం ఫోర్సైత్ అనే నృత్యరచయిత మార్గం ఇంతకంటే నాజూకైనది. 2005లో ఆయన లోలకాలు వేలాడదీసి, వాటి మధ్య ఒక్క నర్తకుడిని ఆడించాడు. తర్వాతి రూపాల్లో వందల లోలకాలు యంత్రంతో ఊగుతుంటాయి, సందర్శకులే లోపలికి వస్తారు, ఒక్క లోలకం కూడా తగలకుండా నడవాలన్నదే నియమం. ఎవరినీ నృత్యం చేయమని అడగరు. కానీ భుజం తప్పించడం, కాలు సగంలో ఆపడం, పక్కకు వాలి తూగి నిలదొక్కుకోవడం అనేవి వాటంతటవే వచ్చేస్తాయి. బయట నిలబడి చూస్తే అదొక బృందనృత్యం. ఇందులో వస్తువే నృత్యరచన.

ఇక్కడ మీలో కొందరికి, అయితే శిక్షణ పొందిన నర్తకి అక్కర్లేదా అనే సందేహం రావచ్చు. నాకైతే అక్కర ఉందనే అనిపిస్తుంది. 2003 నవంబరులో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం టర్బైన్ హాలులో, ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు కట్టిన కృత్రిమ సూర్యుడి పసుపు కాంతిలో, పొగమంచులో, కన్నింగ్‌హామ్ బృందం ఆడింది. పైకప్పు అంతా అద్దం. నేల మీద పడుకుని పైకి చూసే జనం తమ ప్రతిబింబాలను వెతుక్కోవడానికి అలవాటుపడిన చోటు అది. నర్తకులు అక్కడికి రాగానే, అంతవరకు తమను తాము చూసుకుంటున్నవారి చూపు మరొకరి వైపు తిరిగింది. ఇన్‌స్టలేషన్ ప్రేక్షకుణ్ణి కేంద్రంలో నిలబెడుతుంది, నర్తకి ఆ కేంద్రాన్ని తన వైపు లాక్కుంటుంది. ఈ లాగులాట లేకపోతే కాంతి గదులన్నీ సెల్ఫీ గదులుగా మిగులుతాయి. ఇప్పుడు నగరాల్లో టికెట్టు పెట్టి నడుపుతున్న ప్రొజెక్షన్ ప్రదర్శనలు చాలావరకు ఆ గతికే చేరాయి.

మీ ప్రదర్శన విషయానికి వస్తే, నేను అడిగేవి తక్కువ. మీరు తయారుచేసే వస్తువు రిహార్సల్ గదిలోకి మొదటి రోజే రావాలి. అట్టముక్కతో చేసిన నమూనా అయినా ఫర్వాలేదు, కానీ బరువూ కొలతలూ నిజమైనవి కావాలి. లేదా కన్నింగ్‌హామ్‌లాగా చివరి రోజు వరకు అసలు చూపించకండి. రెండు వారాల ముందు తెచ్చి, మిగిలిన ఖాళీలో ఇరికించడం అనే మధ్యేమార్గం మాత్రం వద్దు. రంగుపొడి వాడాలనుకుంటే ఆడేవారి పాదాల చర్మానికి పడుతుందో లేదో ముందే చూసుకోండి. నేల జారుడు సంగతి తాళం పట్టి నట్టువాంగం చేసేవారికి కూడా చెప్పండి, ఎందుకంటే వేగం తగ్గించవలసింది వారే.

ఇప్పుడు 1973లో చార్లెస్ అట్లస్ ‘వాకరౌండ్ టైమ్’ మీద తీసిన చలనచిత్రంలోని చివరి భాగం చూద్దాం. ఏడు పెట్టెలూ నర్తకుల చేతుల మీదుగా ఒకచోటికి చేరే ఘట్టం అందులో ఉంది. నృత్య విద్యార్థులు పెట్టెలను చూడండి, చిత్రకళ విద్యార్థులు వాటిని మోసేవారి కాళ్లను చూడండి. తర్వాత ఎవరికేం కనబడిందో మాట్లాడుకుందాం.